వైట్‌హౌస్ ఊళ్ళో పిల్లలు పెట్టిన పాటల కంపెనీ

మనవాళ్ళు ఎవరైనా అమెరికా చూడ్డానికి వస్తే వాషింగ్టన్‌లో మేం చూపించేవి ఎప్పుడూ అవే. వైట్‌హౌస్, లింకన్ విగ్రహం, క్యాపిటల్ భవనం, ఓపిక మిగిలితే విమానాల మ్యూజియం. పొద్దుగుంకేలోగా పోటోమాక్ నది దాటి వర్జీనియాలోని ఇళ్ళకు వచ్చేస్తాం. ఆ పాలరాతి కట్టడాల వెనక ఇంచుమించు ఏడు లక్షలమంది కాపురముంటున్న ఊరొకటి ఉందనీ, ఆ ఊరివాళ్ళ తరఫున దేశ చట్టసభలో ఓటు వేయగల సభ్యుడు ఈనాటికీ ఒక్కడూ లేడనీ చెబితే వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోతారు. ఈసారి రాస్తున్నది ఆ ఊరి గురించి, అక్కడి కుర్రాళ్ళు పెట్టుకున్న ఒక రికార్డు కంపెనీ గురించి. ఈ దేశంలో నాకు బాగా నచ్చిన సంస్థల్లో అదొకటి.

ముందు ఊరి సంగతి. రాజధాని ఏ రాష్ట్రంలోనూ భాగం కాకూడదని రాజ్యాంగం రాసినవాళ్ళు అనుకున్నారు. దాంతో ఇక్కడివాళ్ళు పన్నులు కడతారు, యుద్ధాలకు వెళతారు, కానీ అధ్యక్ష ఎన్నికల్లో ఓటు రావడానికి 1961 దాకా ఆగాల్సి వచ్చింది. తమ మేయర్ని తామే ఎన్నుకునే హక్కు 1973లో చేసిన చట్టంతో గానీ రాలేదు. ఈ మధ్యలో 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారు. కొన్ని రోజులపాటు ఊరు తగలబడింది. 14వ వీధి, 7వ వీధి, హెచ్ వీధుల్లో కాలిన దుకాణాలు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయాయి. అప్పటికే మొదలైన వలస ఇంకా ఊపందుకుంది, తెల్లవాళ్ళూ కాస్త డబ్బున్నవాళ్ళూ శివార్లకు పోయారు. 1970ల నాటికి ఊళ్ళో పదిమందిలో ఏడుగురు నల్లవారు. నడిబొడ్డున ఎన్నో భవనాలు ఖాళీగా పడివుండేవి, అద్దెలు చవక. చేతిలో డబ్బులేని కళాకారులకు అది బాగా కలిసొచ్చింది. 1980లో ఎఫ్ వీధిలో 930 నంబరు భవనంలో నైన్ థర్టీ అనే కచేరీల క్లబ్ తెరుచుకున్నది అందుకే.

ఆ ఏడాదే ఊరి వాయవ్య భాగంలో, 2022 దాకా విల్సన్ అని పేరున్న హైస్కూలు పిల్లలు కొందరు టీన్ ఐడిల్స్ అని ఒక బ్యాండు నడిపారు. వాయించింది పంక్. రెండు నిమిషాలు కూడా ఉండని పాట, పరుగుపెట్టే డ్రమ్స్, గొంతు చించుకునే గాయకుడు. మొదటిసారి వింటే గోల అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. వీళ్ళకు గురుస్థానంలో ఉన్నది బ్యాడ్ బ్రెయిన్స్ అనే నల్లవారి బ్యాండు. జాజ్ ఫ్యూజన్ సాధన చేసి పంక్‌కి వచ్చినవాళ్ళు కాబట్టి అంత వేగంలోనూ లయ తప్పేవారు కాదు. ఇంగ్లండ్ వెళ్ళబోయి వాద్యాలు పోగొట్టుకుని తిరిగొచ్చినప్పుడు ఈ స్కూలు పిల్లలే తమ గిటార్లూ డ్రమ్సూ వాడుకోనిచ్చారు.

ఆ ఏడాది చివరికే టీన్ ఐడిల్స్ విడిపోయింది. కచేరీల్లో వచ్చిన డబ్బును పంచుకోకుండా దాచారు, అది సుమారు ఆరువందల డాలర్లయింది. ఆ డబ్బు ఏం చెయ్యాలి? తలా ఇంత తీసుకోవచ్చు. బ్యాండు ఎలాగూ లేదు. వాళ్ళు మాత్రం ఎనిమిది పాటలతో చిన్న సైజు రికార్డు వెయ్యి కాపీలు అచ్చువేయించడానికి పూనుకున్నారు. ఇయాన్ మెకాయ్, జెఫ్ నెల్సన్ పేర్లు గుర్తుపెట్టుకోండి. కంపెనీని నిలబెట్టింది ఈ ఇద్దరే. దానికి డిస్కార్డ్ అని పేరు పెట్టారు. పిల్లలు కబుర్లు చెప్పుకునే యాప్ వేరు, ఇది వేరు.

రికార్డు అచ్చయింది గానీ దాని అట్టలు ఎవరు చెయ్యాలి? బయటివాళ్ళకిస్తే ఖర్చు. జెఫ్ ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక రికార్డు అట్టను అతుకులు ఊడదీసి, బల్లమీద పరిచి, దాని ఆకారం గీసుకున్నాడు. ఎక్కడ మడత, ఎక్కడ జిగురు, అంచు ఎంత వదలాలి, అంతా అందులోనే ఉంది. ఆ కొలతతో బొమ్మ అచ్చువేయించి, స్నేహితుల్ని కూర్చోబెట్టి, కత్తెరతో కత్తిరించి, మడిచి, జిగురు రాసి అతికించారు. ఒక్కొక్కటీ చేత్తోనే. అట్టమీద బొమ్మ రెండు పిడికిళ్ళు, వాటిమీద నల్లసిరాతో ఇంటూ గుర్తులు. క్లబ్బుల్లో మైనర్లకు మద్యం పొయ్యకుండా చేతిమీద గీసే గుర్తు అది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చూసొచ్చి, మా చేతులమీద కూడా ఇదే గీయండి, పాట మాత్రం వినకుండా బయటికి నెట్టొద్దు అని ఇక్కడి క్లబ్బులవాళ్ళను ఒప్పించారు. తాగుడూ మత్తూ ముట్టని పంక్ పిల్లల తరం ఒకటి దేశమంతా బయల్దేరింది ఆ గుర్తుతోనే.

ఇక స్టూడియో. నదికి ఇవతల, మా వర్జీనియా వైపు ఆర్లింగ్టన్‌లో డాన్ జియెంటారా అనే ఆయన ఉన్నాడు. నేషనల్ గ్యాలరీలో ఉద్యోగం చేసినవాడు, టేపు యంత్రాలంటే ప్రాణం. సొంత ఇంటి నేలమాళిగలో ఇన్నర్ ఇయర్ అని స్టూడియో పెట్టుకున్నాడు. బ్యాడ్ బ్రెయిన్స్ 1979లో ఆయన దగ్గర పాడిన పాటలు 1996లో గానీ ఆల్బమ్‌గా బయటికి రాలేదు. టీన్ ఐడిల్స్, దాని తర్వాత ఇయాన్ పెట్టిన మైనర్ థ్రెట్, ఇంకా ఆ ఊరి బ్యాండ్లు ఎన్నో ఆయన ముందు వాయించినవే. మైకు ఎక్కడ పెట్టాలో కూడా తెలియని పదహారేళ్ళ కుర్రాణ్ణి కసురుకోకుండా, వాడి పాటను వాడి పాటలాగే ఉంచి రికార్డు చెయ్యడం చిన్న విద్య కాదు. కొత్త బ్యాండుకు డబ్బుకన్నా ముందు కావలసింది అలాంటి మనిషేనని నా నమ్మకం.

డబ్బు లెక్క కూడా చెప్పాలి, ఎందుకంటే డిస్కార్డ్ గొప్పతనం సగం ఆ లెక్కలోనే ఉంది. మామూలుగా పెద్ద కంపెనీ కొత్త బ్యాండుకు ముందుగా కొంత సొమ్ము ఇస్తుంది. చూడ్డానికి బహుమతిలా ఉంటుంది గానీ అది బాకీ. స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చు, అన్నీ బ్యాండుకు రావాల్సిన రాయల్టీలోంచే చెల్లువేసుకుంటారు. బాకీ తీరినా మాస్టర్ టేపు సాధారణంగా కంపెనీదే. రికార్డు అమ్ముడుపోకపోతే పాట గోదాములో ఉండిపోతుంది, పాడినవాడు దాన్ని తీసుకుని వేరేచోటికి పోలేడు. డిస్కార్డ్‌లో రాతకోతలు లేవు, మాటే ఒప్పందం. రికార్డుకు అయిన ఖర్చు తిరిగివచ్చాక మిగిలిన లాభంలో బ్యాండుకు సగం, కంపెనీకి సగం. మొదట్లో అయితే ఒక రికార్డుమీద వచ్చిన డబ్బు నేరుగా తర్వాతి బ్యాండు రికార్డుకు పెట్టుబడి అయ్యేది. రెండో రికార్డుకు, దాన్ని చేసిన బ్యాండు గాయకుడు హెన్రీ గార్ఫీల్డ్ సొంత డబ్బు పెట్టాడు. జార్జ్‌టౌన్‌లో ఐస్‌క్రీం దుకాణంలో పనిచేసే కుర్రాడు. తర్వాత హెన్రీ రోలిన్స్ పేరుతో ప్రపంచానికి తెలిశాడు.

చిక్కులు లేకపోలేదు. కొట్లవాళ్ళు రికార్డులు అరువుమీద పట్టుకెళ్ళి నెలల తరబడి డబ్బు పంపేవారు కాదు. ఆ డబ్బు రాందే మళ్ళీ అచ్చు వేయించడం కుదరదు. పాటలకు గిరాకీ ఉండి కూడా చేతిలో కాపీలు లేని పరిస్థితి. చివరికి లండన్‌లో సదరన్ రికార్డ్స్ నడిపే జాన్ లోడర్ అచ్చు, పంపిణీ భారం తీసుకున్నాకే ఊపిరి పీల్చుకున్నారు.

వాషింగ్టన్ చుట్టుపక్కల బ్యాండ్ల పాటలు తప్ప ఇంకెవరివీ వెయ్యకూడదని కూడా నియమం పెట్టుకున్నారు. దీన్ని ముఠాతత్వం అని తిట్టినవాళ్ళున్నారు. నేనలా అనుకోను. ఊరి పాటను ఊరివాళ్ళే భద్రపరచకపోతే ఎవరు భద్రపరుస్తారు? ఇంకో విమర్శ మాత్రం నిజం. ఈ బ్యాండ్లలో ఎక్కువమంది తెల్లవారి, మధ్యతరగతి ఇళ్ళ పిల్లలు, అందులోనూ మగపిల్లలు. అయినా 1983 సెప్టెంబరులో మైనర్ థ్రెట్ చివరి కచేరీ చేసినప్పుడు అదే వేదికమీద ట్రబుల్ ఫంక్ వాయించింది. గో-గో అని ఈ ఊరి నల్లవారు పుట్టించుకున్న సంగీతం ఉంది, దాంట్లో పేరున్న బృందం అది. తర్వాత ఫైర్ పార్టీ, స్లాంట్ సిక్స్ లాంటి ఆడపిల్లల బ్యాండ్లు డిస్కార్డ్ ముద్రతోనే వచ్చాయి.

1987లో ఇయాన్ ఇంకొందరితో కలిసి ఫుగాజీ అనే బ్యాండు మొదలుపెట్టాడు. టికెట్టు ఏళ్ళ తరబడి ఐదారు డాలర్లు దాటనివ్వలేదు. అన్ని వయసులవాళ్ళనూ రానివ్వని హాల్లో వాయించలేదు. బ్యాండు పేరు వేసిన చొక్కాలు అమ్మలేదు. ఊళ్ళో కచేరీ చేస్తే అది దాదాపు ఎప్పుడూ ఏదో ఉచిత వైద్యశాలకో, ఇళ్ళులేనివాళ్ళ కోసమో విరాళం. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధం మొదలవబోతుండగా వైట్‌హౌస్ ఎదుటి పార్కులో చలిలో నిలబడి వాయించారు. అంతకుముందు నెలలోనే లోర్టన్ జైల్లో ఖైదీలకు వాయించారు. లోర్టన్ వర్జీనియాలో ఉన్నా, అప్పట్లో అది వాషింగ్టన్ ఊరి జైలు. 1917లో ఓటు అడిగినందుకు స్త్రీలను బంధించి హింసించింది కూడా అక్కడే. ఆ జైల్లో కొంత భాగం ఇప్పుడు కళాకేంద్రం.

నిర్వానా బ్యాండు 1991లో ప్రపంచాన్ని ఊపేశాక పెద్ద కంపెనీలు చెక్కుబుక్కులు పట్టుకుని ఈ ఊరిమీద పడ్డాయి. జాబాక్స్ అనే బ్యాండు డిస్కార్డ్‌ని వదిలి అట్లాంటిక్ కంపెనీకి వెళ్ళింది. కాగితమే లేనప్పుడు ఆపేదెవరు, ఆపాలని కూడా అనుకోలేదు. అక్కడ 1994లో వచ్చిన ఆల్బమ్ 2009లో మళ్ళీ వెలువడినప్పుడు దానిమీద ఆ బ్యాండు సొంత లేబుల్ డెసోటోతోపాటు డిస్కార్డ్ ముద్ర ఉంది. వెళ్ళినవాళ్ళకు తలుపు వెయ్యకపోవడమనే గుణం నాకు అన్నిటికన్నా నచ్చింది.

మా అమ్మాయి బాస్ గిటార్ వాయిస్తుంది. ఆమెను ఫోర్ట్ రీనోకు తీసుకెళుతుంటాను. విల్సన్ స్కూలు పక్కనే గడ్డిమైదానం, కోటబురుజులాంటి నీళ్ళ ట్యాంకు, చిన్న వేదిక. 1968 నుంచీ వేసవిలో ఉచిత కచేరీలు జరుగుతున్నాయి, నిర్వహణ అంతా స్వచ్ఛంద కార్యకర్తలది. మద్యం తేకూడదు. ముసలివాళ్ళు మడతకుర్చీలు తెచ్చుకుంటారు, పసిపిల్లలు వేదిక ముందే పొర్లుతుంటారు, పక్కవీధి కుర్రాళ్ళు మొదటిసారి జనం ముందు వాయిస్తారు. ఆ గడ్డి కింద ఇంకో చరిత్ర ఉంది. అక్కడ ఒకప్పుడున్న అంతర్యుద్ధం నాటి కోట చుట్టూ, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవారు ఇళ్ళు కట్టుకుని బతికారు. తర్వాత పార్కూ బడులూ కట్టాలని ప్రభుత్వం ఇళ్ళన్నీ కొనేసి వాళ్ళను ఖాళీ చేయించింది. విల్సన్ స్కూలు 1935లో తెరిచారు. అందులో చదివిన పిల్లల పాటల గురించే నేనింతసేపూ రాసింది. ఈ రెండు సంగతులూ కలిపి చెప్పకపోతే ఈ ఊరి చరిత్ర చెప్పినట్టు కాదు.

ఇన్నర్ ఇయర్ 1990లో ఇంట్లోంచి ఆర్లింగ్టన్‌లోనే వేరే భవనానికి మారి, ముప్పయ్యేళ్ళు నడిచింది. 2021లో ఆ స్థలాన్ని కౌంటీ ప్రభుత్వం కొనడంతో మూతపడింది. డిస్కార్డ్ ఇప్పటికీ ఉంది.

ఇదంతా ఎందుకు రాశానంటే, తెలంగాణ జానపదం ఇప్పుడు యూట్యూబ్‌లో పొంగుతోంది. సినిమాతో పనిలేకుండా, ఊళ్ళలోనే చిన్న స్టూడియోల్లో రికార్డయి లక్షలమందికి చేరుతోంది. వింటుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. కానీ పాట కట్టినవాడికి, పాడిన పిల్లకు, డప్పు కొట్టినవాడికి ఒకసారి చేతిలో పెట్టింది కాక ఏటేటా ఎంత అందుతోంది? లెక్కల పుస్తకం వాళ్ళకు చూపిస్తున్నారా? కరీంనగర్‌లోనో వరంగల్‌లోనో, శ్రీకాకుళంలోనో, సగం సగం లెక్కన స్టూడియో నడుపుతున్నవాళ్ళు మీకు తెలిస్తే నాకు రాయండి. ఇక్కడి తెలుగు సంఘాలు పండగ సభలకు సినిమా గాయకుల్ని పిలుస్తాయి. ఆ వేదికమీద ఒక గంట ఈ జానపదం పాడే పిల్లలకు ఇప్పించడానికి నేను తిరుగుతాను. సంఘం పెద్దలతో మాట మొదలుపెట్టాను కూడా.