సాయంత్రం లెక్క ఎవరికి చెప్పాలి?

రాజీవ్ రహదారి మీద పెద్దపల్లి దాటి రామగుండం వైపు వెళ్తుంటే బసంత్‌నగర్ టోల్‌గేటు తగులుతుంది. అక్కడే సిమెంటు ఫ్యాక్టరీ, దాని కాలనీ, విమానాలు దిగడం మానేసి ఏళ్లయిన రన్‌వే. 1980ల్లో వాయుదూత్ చిన్న విమానాలు అక్కడ వాలేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఊరికి ఆ పేరు బసంత్ కుమార్ బిర్లా మీదుగా వచ్చింది. ఆయన ఘనశ్యామ్‌దాస్ బిర్లా చిన్న కొడుకు. ఫ్యాక్టరీ పెట్టిన కేశోరాం కంపెనీ 1919లో కలకత్తాలో బట్టల మిల్లుగా పుట్టింది. కర్ణాటకలోని సేడంలో తర్వాత పెట్టిన సిమెంటు ఫ్యాక్టరీకి బసంత్ కుమార్ మనవరాలు వాసవదత్త పేరే పెట్టుకున్నారు. ఆ ఇంట్లో బంధుత్వాలన్నీ ఫ్యాక్టరీ బోర్డుల మీదే కనిపిస్తాయి.

బట్టల మిల్లు వాళ్లు ఇక్కడికి రావడానికి కారణం కాళ్ల కిందే ఉంది. సున్నపురాయి ఇక్కడిదే. ఇరవై కిలోమీటర్లు పోకముందే గోదావరిఖని బొగ్గు. పక్కనే కాజీపేట–బల్లార్షా రైలు మార్గం, కాస్త అవతల గోదావరి. 1969లో మొదటి యూనిట్ నడిచింది, 1971లో రెండోది, 1978లో మూడోది. మొదటి యూనిట్ సామర్థ్యం ఏడాదికి 2.1 లక్షల టన్నులు. ఈ రోజుల్లో అది లెక్కలోకి రాదు గానీ, అందులో వాడిన పద్ధతి ఆనాటికి కొత్తది. అప్పట్లో దేశంలో ఎక్కువ ఫ్యాక్టరీలు రాతిపొడిని నీళ్లతో కలిపి చిక్కటి బురదగా చేసి కొలిమిలోకి పంపేవి. ఆ నీటిని ఆవిరి చేయడానికే బోలెడు బొగ్గు తగలబడేది. బసంత్‌నగర్‌లో పొడిని పొడిగానే పైనుంచి వదిలారు. కొలిమి నుంచి పైకి వచ్చే వేడి గాలి దానికి ఎదురొచ్చి, లోపలికి చేరేలోగానే బాగా కాగబెడుతుంది. బొగ్గు ఖర్చు చాలా తగ్గుతుంది. బొగ్గు పక్కనే దొరుకుతున్న చోట బొగ్గు పొదుపు చేసే యంత్రం పెట్టడం నాకు మొదట వింతగా తోచింది. ఆ కాలం ధరల సంగతి తెలిశాక వింత పోయింది.

సిమెంటు ధర అప్పుడు ప్రభుత్వం చేతిలో ఉండేది. 1982 ఫిబ్రవరి ఆఖరులో కొంత సడలించి, 1989 మార్చి 1న పూర్తిగా ఎత్తేసేదాకా నియంత్రణ నడిచింది. ఫ్యాక్టరీ పెట్టిన రోజుల్లో సరుకు ఎంత మేలైనదైనా రూపాయి ఎక్కువకు అమ్మే వీల్లేదు. లాభం కావాలంటే టన్ను తయారీ ఖర్చులో కోసుకోవాల్సిందే. ఆ పనికి బిర్లాల దగ్గర తాతల నాటి ఆయుధం ఒకటి ఉంది. దాని పేరు పర్తా.

మార్వాడీ వ్యాపారుల లెక్క అది. ముడిసరుకు, ఇంధనం, కరెంటు, కూలి, కార్యాలయ ఖర్చు ఇలా ప్రతి పద్దుకూ టన్నుకు ఇంత కావాలని ముందే గీత గీస్తారు. రోజు ముగిసేసరికి అసలు ఎంతయిందో తేలాలి. గీత దాటితే ఎందుకు దాటిందో ఫ్యాక్టరీ పెద్ద జవాబు చెప్పాలి. పెద్ద పెద్ద కంపెనీలు నెలకోసారో మూడు నెలలకోసారో లాభనష్టాలు చూసుకునే రోజుల్లో బిర్లాలు నిన్నటి లాభం ఇవాళ తెలుసుకునేవారు. కంప్యూటర్లు లేవు. గుమాస్తా, చిట్టా, టెలిగ్రాం, తర్వాత టెలెక్స్. ఫ్యాక్టరీలు దేశమంతా చెదిరి ఉన్నా కలకత్తాలో కూర్చుని నడపగలిగారంటే అందులో సగం పుణ్యం పర్తాదే. దీన్ని అమెరికాలో ఎవరైనా కనిపెట్టి ఉంటే మన మేనేజ్‌మెంట్ కాలేజీల్లో రెండు సెమిస్టర్లు చెప్పేవాళ్లు.

దానికో గుడ్డితనం కూడా ఉంది. నిన్నటి టన్ను ఎంతకు పడిందో పర్తా చెబుతుంది. అసలు ఈ వ్యాపారంలో మనం ఉండాలా వద్దా అన్నది దాని ప్రశ్న కాదు. కేశోరాం టైర్ల వ్యాపారంలోకి దిగి అప్పుల్లో కూరుకుంది. 2016లో హరిద్వార్ దగ్గరి టైర్ల ఫ్యాక్టరీని జేకే టైర్‌కు అమ్ముకోవాల్సి వచ్చింది. బిర్లా వంశంలోనే కుమార్ మంగళం 1995లో తండ్రి ఆదిత్య విక్రమ్ పోయాక తన గ్రూపు పగ్గాలు అందుకుని, కొన్నేళ్లకే పర్తాను పక్కన పెట్టారు. పెట్టుబడి మీద పడే భారాన్ని కూడా తూచే కొలతలు తెచ్చారు.

నన్ను పట్టుకున్నది మాత్రం వేరే సంగతి. పర్తా అంకె కింది నుంచి పైకే పోతుంది. కొలిమి దగ్గర చెమటోడ్చే మనిషికి తన షిఫ్టు లాభమో నష్టమో తెలియాల్సిన పని ఆ పద్ధతిలో లేదు. సరిగ్గా ఆ అంకెనే కిందికి దించిన ప్రయోగం ఇక్కడికి ఇరవై కిలోమీటర్ల లోపు, ఈ కొలిమికి బొగ్గు పంపిన కంపెనీలోనే జరిగింది.

ఆ కంపెనీ సింగరేణి. 1990ల సింగరేణి గురించి ఆ బాయిల్లో, అంటే బొగ్గు గనుల్లో, పనిచేసిన వాళ్లను అడిగితే కథలు కథలుగా చెబుతారు. 1981లో 56 రోజుల సమ్మె నడిచిన నేల ఇది. తర్వాతి పదేళ్లలో సమ్మెలు ఏడాదికి వందల్లో జరిగాయి. ఒక బాయిలో ఒక షిఫ్టు ఆగడానికి హాజరు వేసే మస్టర్ దగ్గర ఒక మాట తేడా వస్తే చాలు. సంఘాలు డజన్ల కొద్దీ. ఎవరితో ఒప్పందం చేసుకున్నా మిగతావాళ్లు ఒప్పుకోరు. మరోవైపు బొగ్గు ధర ఖర్చుకు తగ్గట్టు పెరగలేదు, కొన్నవాళ్ల బకాయిలు పేరుకుపోయాయి. 1992లో ఒకసారి, 1996లో మరోసారి కంపెనీ ఖాయిలా పరిశ్రమల బోర్డు బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. పోగుపడిన నష్టం వెయ్యి కోట్లు దాటింది. 1920 నుంచి ఆ పేరుతో నడుస్తున్న సంస్థ మూతపడుతుందన్న మాట గోదావరిఖని చౌరస్తాలో బాహాటంగానే వినపడేది.

కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు అప్పుల భారం తగ్గించాయి. అది లేకుండా ఏ నాయకత్వమూ ఏమీ చేయలేకపోయేది. కానీ డబ్బు సాయం 1992 తర్వాతా అందింది, కంపెనీ మళ్లీ మునిగింది. రెండోసారి తేడా ఏమిటంటే, సీఎండీగా వచ్చిన ఐఏఎస్ అధికారి ఏపీవీఎన్ శర్మ హయాంలో లెక్కల పుస్తకం బాయి మీదికి వచ్చింది. వేర్వేరు విభాగాల అధికారులను బృందాలుగా చేసి గని గనికీ పంపారు. టన్ను తీయడానికి మనకు ఎంత అవుతోంది, ఎంతకు అమ్ముతున్నాం, ఈ గని వల్ల కంపెనీకి ఎంత పోతోంది, ఒక షిఫ్టు ఆగితే ఎంత నష్టం అని కార్మికుల ముందు నిలబడి చెప్పించారు. అప్పటిదాకా సంఘం నాయకుడి గేట్ మీటింగే తప్ప యాజమాన్యం గేట్ మీటింగ్ అనేది ఎవరూ ఎరగరు. 1998లో రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు మొదలయ్యాయి. ఎవరితో మాట్లాడాలో యాజమాన్యానికి, ఎవరిని నిలదీయాలో కార్మికులకు తేలిపోయింది. సమ్మెల సంఖ్య పదుల్లోకి దిగింది, కంపెనీ లాభాల్లోకి వచ్చింది.

ఇలాంటి ప్రయోగం అమెరికాలో ముందే జరిగింది. మిస్సోరీ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జాక్ స్టాక్ అనే మేనేజరు 1983లో తోటివాళ్లతో కలిసి ఓ ఇంజన్ల రిపేరు ఫ్యాక్టరీని కొని, ప్రతి కార్మికుడికీ బ్యాలెన్స్ షీటు చదవడం నేర్పాడు. ఓపెన్ బుక్ మేనేజ్‌మెంట్ పేరుతో అది ప్రపంచమంతా పాకింది. అక్కడి కార్మికులకు కంపెనీలో షేర్లున్నాయి. సింగరేణిలో రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం. కార్మికుడికి షేరు లేదు, అందుకే లాభాల్లో వాటా అనే ఆలోచన వచ్చింది. 1990ల ముగింపులో పది శాతంతో మొదలైంది. దసరా ముందు లాభాల వాటా ఎంత అన్నది ఇప్పుడు కోల్‌బెల్ట్‌లో ప్రతి ఇంటి ముచ్చట.

ఈ కథను ఉత్త విజయగాథగా రాసేవాళ్లు కొన్నిటిని వదిలేస్తారు. 1990–91లో లక్షా పదహారు వేల మంది ఉన్న కంపెనీలో ఇప్పుడు దాదాపు నలభై వేల మంది. తట్టా చెమ్మస్ (పార) పట్టి బొగ్గు నింపిన ఫిల్లర్ల స్థానంలో ముందు యంత్రాలు, ఆ తర్వాత ఓపెన్‌కాస్టులు వచ్చాయి. ఓపెన్‌కాస్టుల కింద ఊళ్లు లేచిపోయాయి. కంపెనీ కోలుకుందని అందరూ మెచ్చుకుంటున్న రోజుల్లోనే, 2003 జూన్ 16న, గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు. టన్ను ఖర్చు పట్టికలో ఆ పద్దు రాయడానికి గడి ఉండదు.

బసంత్‌నగర్‌లోనూ యజమాని మారాడు. కేశోరాం సిమెంటు వ్యాపారం 2025 మార్చి 1 నుంచి అల్ట్రాటెక్‌లో కలిసిపోయింది. అంటే బసంత్ కుమార్ నాటిన ఫ్యాక్టరీ, ఆయన పోయిన దాదాపు ఆరేళ్లకు, పర్తాను పక్కన పెట్టిన మనవడు కుమార్ మంగళం చేతికే వచ్చింది. అంకెలు ఇప్పుడు కలకత్తాకు కాదు, ముంబైకి పోతాయి. పోయే దిక్కు మాత్రం పైకే.

సింగరేణిలో కిందికి దిగిన అంకె ఊరికే ఉండలేదు. 2023–24కు కంపెనీ లాభం 4,701 కోట్లని, వాటా 33 శాతమని 2024 సెప్టెంబరులో ప్రకటించారు. శాతాన్ని బట్టి చూస్తే 1,551 కోట్లు రావాలి, ఇచ్చింది 796 కోట్లు. కొత్త ప్రాజెక్టుల కోసమని 2,289 కోట్లు ముందే తీసేసి, మిగిలిన 2,412 కోట్ల మీద లెక్క కట్టారు. అదే ఏడాది తొలిసారిగా కాంట్రాక్టు కార్మికులకు తలా 5,000 ఇచ్చారు, పర్మినెంటు వాళ్లకు సగటున 1.90 లక్షలు వచ్చాయి. ఆ వారమంతా గోదావరిఖని గేట్ మీటింగుల్లో మైకులు మోగింది ఒకటే ప్రశ్న మీద: పెట్టుబడి లాభంలోంచి తీయాలా, వాటా పంచాక తీయాలా? పాతికేళ్ల కిందట ఈ లెక్క చదవడం నేర్పింది యాజమాన్యమే.