మొబైల్ నెట్‌వర్కు ఎంపికలో రాష్ట్రస్థాయి శాతాల కంటే ఇంటి వద్ద సిగ్నలే ప్రధానం

2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సు సేవలు ప్రారంభమైన నాటి నుండి ఆపదలో ఉన్న మనిషికీ, ఆసుపత్రికీ మధ్య తొలి మెట్టు ఒక ఫోన్ కాల్. ఆ కాల్ కలవని పక్షంలో అంబులెన్సు సిద్ధంగా ఉన్నప్పటికీ ప్రయోజనం చేకూరదు. కావున ఏ సంస్థ సిమ్ కార్డు తీసుకోవాలన్నది కేవలం రీఛార్జి ధరలతో తేలే విషయం కాదు. సంస్థలు ప్రకటించే శాతాలు విశాల ప్రాంతానికి చెందిన సగటు అంకెలు. వినియోగదారునికి కావలసింది తన ఇల్లు, పొలం, పని స్థలం, నిత్యం ప్రయాణించే దారి అనే నాలుగు చోట్ల లభించే సేవ. ఆ సేవను పరీక్షించుకొనేందుకు, సంతృప్తికరంగా లేనిచో నెంబరు మారకుండానే మరొక సంస్థకు మారేందుకు చట్టం కల్పించిన సదుపాయాలను ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

నేపథ్యం

దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జూలై 31న నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రామ్‌ల మధ్య జరిగింది. 1997లో టెలికాం రంగ పర్యవేక్షణకు భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ ఏర్పాటయింది. ట్రాయ్‌గా వ్యవహరింపబడే ఈ సంస్థే సేవల నాణ్యతా ప్రమాణాలను నిర్దేశిస్తుంది. ఒకప్పుడు పదికి పైగా సంస్థలు పోటీపడిన ఈ రంగంలో నేడు తెలుగు రాష్ట్రాలలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా, ప్రభుత్వరంగ సంస్థ బి.ఎస్.ఎన్.ఎల్. సేవలందిస్తున్నాయి.

రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం టెలిఫోన్లు కేంద్ర జాబితాలోని అంశం. లైసెన్సులు, నాణ్యతా ప్రమాణాలు, జరిమానాలు కేంద్ర పరిధిలోనివి. టవర్లకు, కేబుళ్లకు స్థలానుమతులు ఇవ్వడం, విద్యుత్ సరఫరాకు తోడ్పడడం రాష్ట్ర యంత్రాంగం, స్థానిక సంస్థల బాధ్యతలు.

వ్యాప్తి వేరు, నాణ్యత వేరు

సిగ్నల్ ఉన్నంత మాత్రాన సంభాషణ సాఫీగా సాగుతుందని భావించరాదు. ఫోన్ తెరపై నిలువు గీతలు నిండుగా కనిపించినప్పటికీ, ఒకే టవరుపై ఎక్కువ మంది ఆధారపడిన చోట సాయంత్రం వేళ కాల్ కలవకపోవచ్చు. పైగా ఆ గీతలకు ఉమ్మడి ప్రమాణం లేదు. ఒక కంపెనీ ఫోన్‌లో మూడు గీతలుగా కనిపించే సిగ్నల్ మరొక ఫోన్‌లో రెండు గీతలు కావచ్చు. కాబట్టి రెండు నెట్‌వర్కులను పోల్చేటప్పుడు ఒకే ఫోన్‌లో సిమ్‌లు మార్చి చూడడం శ్రేయస్కరం.

కాల్ నాణ్యతను నాలుగు ప్రశ్నలుగా విడదీయవచ్చు. మొదటిసారికే కాల్ కలిసిందా? మధ్యలో తెగిపోయిందా? తెగకుండానే మాట వినిపించకుండా పోయిందా? వినిపించిన మాట స్పష్టంగా ఉందా? ‘కాల్ డ్రాప్’ లెక్కలోకి వచ్చేది రెండవది మాత్రమే. కలవని కాల్, మౌనం ఆవరించిన కాల్ ఆ లెక్కలో చేరవు. సిగ్నల్ తెగినప్పటికీ లైనును మరికొంతసేపు నిలిపి ఉంచే సాంకేతిక అమరిక నెట్‌వర్కులో ఉన్నది. ఆ వ్యవధిని పెంచినచో తెగిపోయే కాల్స్ సంఖ్య కాగితంపై తగ్గుతుంది; అవతలి మాట వినిపించక వినియోగదారుడే ఫోన్ పెట్టివేస్తాడు. ఈ కారణంగానే ట్రాయ్ రహదారి పరీక్షలలో మౌనం ఆవరించిన కాల్స్‌ను కూడా విడిగా నమోదు చేస్తున్నారు. మాట స్పష్టతను 1 నుండి 5 వరకు గల కొలమానంపై లెక్కిస్తారు.

సగటు అంకెల పరిమితి

రాష్ట్ర విభజన 2014లో జరిగినప్పటికీ టెలికాం లైసెన్సుల దృష్ట్యా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండూ నేటికీ ‘ఆంధ్రప్రదేశ్’ పేరిట ఒకే సేవా ప్రాంతం. అనగా ఈ ప్రాంతానికి వెలువడే అంకెలో హైదరాబాద్ మాదాపూర్ కార్యాలయాలూ, పాడేరు కొండలూ, ఆదిలాబాద్ అడవులూ, దివిసీమ పల్లెలూ కలిసి ఉంటాయి. ఆ అంకె బాగున్నంత మాత్రాన ఒక గ్రామంలో సేవ బాగున్నదని నిర్ధారించలేము.

ట్రాయ్ సైతం ఈ లోపాన్ని గుర్తించింది. తెగిపోయే కాల్స్ నూటికి రెండుకు మించరాదన్న ప్రమాణాన్ని గతంలో సేవా ప్రాంతమంతటి సగటుపై లెక్కించేవారు. బాగా పనిచేసే టవర్ల అంకెలు బలహీనమైన టవర్ల లోపాన్ని కప్పివేస్తున్నందున, 2017 అక్టోబరు 1 నుండి ఈ విధానం మారింది. నూటికి తొంభై రోజులలో, నూటికి తొంభై సెల్‌లు రెండు శాతం పరిమితికి లోబడి ఉండాలని నాడు నిర్దేశించారు. సెల్ అనగా ఒక టవరు నుండి ఒక దిశగా సేవలందించే ప్రాంతం. అయినప్పటికీ మిగిలిన పది సెల్‌లలో తన గ్రామం ఉన్న వినియోగదారునికి ఆ ప్రమాణం నెరవేరినా ఊరట లభించలేదు.

సిగ్నల్ తగ్గుటకు కారణాలు

తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు దూరం ప్రయాణిస్తాయి, గోడలను మెరుగుగా దాటుతాయి. 700, 800, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు ఈ కోవలోనివి. 1800, 2300 మెగాహెర్ట్జ్ తరంగాలు, 2022 అక్టోబరు 1న దేశంలో ప్రారంభమైన 5జీ సేవలకు విరివిగా వాడే 3300 మెగాహెర్ట్జ్ శ్రేణి తరంగాలు అధిక డేటాను మోయగలిగినా గోడల వద్ద త్వరగా బలహీనపడతాయి. డాబా మీద చక్కగా పలికే ఫోన్ లోపలి గదిలో మూగబోవడానికి కారణమిదే. కొండలు, దట్టమైన చెట్లు, కాంక్రీటు గోడలు, రేకుల షెడ్లు సిగ్నల్‌ను అడ్డగిస్తాయి.

ఫోన్ రకం కూడా ముఖ్యమే. 2016 సెప్టెంబరు 5న వాణిజ్య సేవలు ప్రారంభించిన జియోకు 2జీ నెట్‌వర్కు లేదు. 4జీ లేని పాత బటన్ల ఫోన్ వాడే వృద్ధులకు ఆ సిమ్ ఉపయోగపడదు. బి.ఎస్.ఎన్.ఎల్. స్వదేశీ పరిజ్ఞానంతో నెలకొల్పిన 4జీ నెట్‌వర్కును 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడ నుండి ప్రారంభించారు. కావున ఆ సంస్థపై కొన్నేళ్ల క్రితం ఏర్పడిన అభిప్రాయాన్ని నేటి పరీక్షతో సరిచూసుకోవడం సముచితం. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవారు వైఫై ద్వారా కాల్ చేసే సదుపాయాన్ని ఫోన్ సెట్టింగులలో ప్రారంభించుకొన్నచో లోపలి గది సమస్య చాలావరకు తీరుతుంది.

పటాలు, పరీక్షా సాధనాలు

ట్రాయ్ 2024 ఆగస్టులో జారీ చేసి, అక్టోబరు 1 నుండి అమలులోకి తెచ్చిన నాణ్యతా నిబంధనల ప్రకారం ప్రతి సంస్థ 2జీ, 3జీ, 4జీ, 5జీ సేవల వారీగా సిగ్నల్ వ్యాప్తి పటాలను తన వెబ్‌సైట్‌లో ఉంచవలసి ఉన్నది. ఈ పటాలు తొలి వడపోతకు ఉపకరిస్తాయి. అయితే పటంలోని రంగు లెక్కగట్టిన అంచనాయే తప్ప గోడల మధ్య కొలిచిన విలువ కాదని గ్రహించాలి. 2017 మే నెలలో ప్రారంభమైన కేంద్ర టెలికాం విభాగం వారి ‘తరంగ్ సంచార్’ పోర్టల్‌లో సమీపంలోని టవర్ల వివరాలు లభ్యమవుతాయి. ట్రాయ్ వారి ‘మైకాల్’ యాప్ ద్వారా ప్రతి కాల్ నాణ్యతకు మార్కులు వేయవచ్చు. ‘మైస్పీడ్’ యాప్ డేటా వేగాన్ని కొలుస్తుంది. నగరాలలో, రహదారులపై వాహనాలలో ఫోన్లు అమర్చి జరిపే పరీక్షల ఫలితాలను ట్రాయ్ సంస్థల వారీగా ప్రకటిస్తున్నది.

స్వయంగా పరీక్షించుకొనే విధానం

నెట్‌వర్కు మారదలచినవారు ముందుగా ఆ సంస్థ సిమ్ వాడుతున్న బంధువు లేదా ఇరుగుపొరుగు వారి సహాయంతో ఈ క్రింది పరీక్షలు జరుపుకోవడం మంచిది.

1. ఇంటి లోపలి గది, పొలం లేదా పని స్థలం, బస్సు ప్రయాణించే దారి, సమీప ఆసుపత్రి వద్ద పదేసి కాల్స్ చేయాలి. ప్రతి కాల్ కనీసం రెండు నిమిషాలు సాగాలి.

2. ఉదయం ఒకసారి, రద్దీ అధికంగా ఉండే సాయంత్రం 7 నుండి 10 గంటల మధ్య ఒకసారి పరీక్షించాలి.

3. కరెంటు పోయిన రెండు గంటల తరువాత మరల ప్రయత్నించాలి. బ్యాటరీలు, జనరేటరు సక్రమంగా లేని టవరు లోపం అప్పుడే బయటపడుతుంది.

4. తేదీ, సమయం, స్థలం, ఫలితం ఒక కాగితంపై వ్రాసుకోవాలి. అనంతరం ఫిర్యాదు చేయవలసివస్తే ఆ కాగితమే ఆధారం.

5. ఫోన్ సెట్టింగులలో సిగ్నల్ బలం మైనస్ అంకెలలో కనిపిస్తుంది. 4జీలో మైనస్ 90 లేదా అంతకంటే మెరుగైనచో మంచి సిగ్నల్‌గా, మైనస్ 110 దాటినచో బలహీనమైనదిగా స్థూలంగా పరిగణించవచ్చు.

తీర, ఏజెన్సీ ప్రాంతాలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు విద్యుత్ వ్యవస్థతో పాటు మొబైల్ సేవలు కుప్పకూలాయి. ఆప్తుల క్షేమసమాచారం తెలియక కుటుంబాలు ఆందోళనకు గురయ్యాయి. ఈ అనుభవం దృష్ట్యా తీర ప్రాంత కుటుంబాలు రెండు వేర్వేరు సంస్థల సిమ్‌లు ఉంచుకోవడం వివేకం. అయితే పలు సంస్థలు ఒకే టవరుపై పరికరాలు అమర్చుకొనే విధానం విరివిగా ఉన్నది. ఆ టవరుకు విద్యుత్ ఆగిన పక్షంలో రెండు సిమ్‌లూ ఒకేసారి మూగబోతాయి. రెండవ సిమ్ వేరొక టవరు నుండి సిగ్నల్ అందుకొనేదిగా ఉండాలి.

ఏజెన్సీ గ్రామాలలో అనేక చోట్ల ఎంపికకు ఆస్కారమే తక్కువ. ఆంధ్రప్రదేశ్ సహా 5 రాష్ట్రాలలోని 44 ఆకాంక్షిత జిల్లాలలో మొబైల్ సేవలు అందని 7,287 గ్రామాలకు 4జీ కల్పించే పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2021 నవంబరులో ఆమోదించింది. ప్రభుత్వ నిధితో నిర్మించిన ఇట్టి టవర్ల నుండి ఇతర సంస్థల వినియోగదారులు సైతం 4జీ సేవలు పొందే ఏర్పాటును 2025 జనవరి 17న ప్రారంభించారు. కావున ఈ గ్రామాల ప్రజలు ఏ టవరు ప్రభుత్వ నిధితో ఏర్పడినదో, తమ సిమ్‌కు ఆ సదుపాయం వర్తిస్తుందో లేదో విచారించుకోవాలి.

ఫోన్ తెరపై ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అని కనిపించినచో తన సంస్థ సిగ్నల్ అందకున్నా మరొక సంస్థ సిగ్నల్ అక్కడ ఉన్నదని అర్థం. అట్టి స్థితిలో 108 కలవకపోతే నిరాశ చెందక 112కు కాల్ చేయాలి. మొబైల్ ప్రమాణాల ప్రకారం 112 కాల్ ఇతర సంస్థ నెట్‌వర్కు ద్వారా కూడా వెళ్లగలదు.

నెంబరు మారకుండా నెట్‌వర్కు మార్పు

నెంబరు మారకుండా సంస్థ మారే సదుపాయం 2010 నవంబరు 25న హర్యానాలో, 2011 జనవరి 20న దేశవ్యాప్తంగా అమలులోకి వచ్చింది. 2015 జూలై 3 నుండి ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి మారినప్పుడు సైతం ఇది వర్తిస్తున్నది.

మారదలచినవారు ‘పోర్ట్’ అనే ఆంగ్ల పదం, ఖాళీ, తమ పది అంకెల నెంబరు టైపు చేసి 1900కు సందేశం పంపాలి. ప్రస్తుత సంస్థలో 90 రోజులు పూర్తయి, పోస్ట్‌పెయిడ్ బకాయిలు లేనిచో సంకేత సంఖ్య వస్తుంది. మన ప్రాంతంలో అది 4 రోజులు చెల్లుతుంది. దానితో కొత్త సంస్థ దుకాణంలో గుర్తింపు పత్రం చూపి దరఖాస్తు చేయాలి. అదే సేవా ప్రాంతంలో మార్పునకు 3 పనిదినాలు, ఇతర ప్రాంతం నుండి అయితే 5 పనిదినాలు పడుతుంది. మోసాల నివారణకై 2024 జూలై 1 నుండి, సిమ్ మార్చుకొన్న తరువాత 7 రోజుల వరకు సంకేత సంఖ్య జారీ కాదు. ప్రీపెయిడ్‌లో మిగిలిన బ్యాలెన్సు కొత్త సంస్థకు బదిలీ కాదు. కాబట్టి ప్లాను గడువు ముగిసే వేళ మారడం లాభదాయకం.

ఫిర్యాదులు, పరిహారం

తొలుత సంస్థ వినియోగదారుల కేంద్రానికి 198పై ఫిర్యాదు చేసి నమోదు సంఖ్య తీసుకోవాలి. పరిష్కారం సంతృప్తికరంగా లేనిచో 30 రోజులలోగా అదే సంస్థ అప్పీలు విభాగాన్ని ఆశ్రయించవచ్చు. 39 రోజులలో అప్పీలు పరిష్కరించవలసి ఉంటుంది. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను విచారించదు. మొబైల్ సేవల వివాదాలలో వినియోగదారుల కమిషన్లను ఆశ్రయించవచ్చునని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 16న స్పష్టం చేసింది.

తెగిన కాల్‌కు రూపాయి చొప్పున, రోజుకు మూడు కాల్స్ వరకు పరిహారం చెల్లించాలన్న ట్రాయ్ నిబంధనను సుప్రీంకోర్టు 2016 మే 11న కొట్టివేసింది. కావున నేడు తెగిన కాల్‌కు నేరుగా పరిహారం లేదు. అయితే 2024 నిబంధనల మేరకు ఒక జిల్లాలో సేవలు 24 గంటలకు మించి నిలిచిపోయినచో పోస్ట్‌పెయిడ్ వారికి అద్దె తగ్గింపు, ప్రీపెయిడ్ వారికి గడువు పొడిగింపు లభిస్తాయి. ఈ అంశం 2025 ఏప్రిల్ నుండి అమలులో ఉన్నది. ప్రకృతి వైపరీత్యాల వల్ల కలిగిన అంతరాయానికి ఇది వర్తించదు.

అధికారులు, పాత్రికేయులు గమనించదగినవి

సంస్థ ఏదైనా వ్యాప్తి శాతాన్ని ప్రకటించినప్పుడు అది జనాభా శాతమా, విస్తీర్ణ శాతమా అని ప్రశ్నించాలి. జనం పట్టణాలలో గుమికూడి ఉన్నందున జనాభా లెక్కలో అధికంగా కనిపించే వ్యాప్తి విస్తీర్ణం లెక్కలో తగ్గిపోతుంది. ఆరుబయట సిగ్నలా, ఇంటి లోపలి సిగ్నలా, ఏ నెలకు చెందిన అంకె అన్నవి కూడా అడగవలసిన ప్రశ్నలే. మండల, గ్రామస్థాయి అధికారులు ఆసుపత్రులు, తుపాను ఆశ్రయాలు, వసతి గృహాల వద్ద సిగ్నల్ లేని చోట్లను సంస్థల వారీగా నమోదు చేసి జిల్లా యంత్రాంగానికి అందించినచో టవర్ల ప్రతిపాదనలకు బలం చేకూరుతుంది. టవర్ల అనుమతుల దరఖాస్తులకు 2022 మే నెలలో ప్రారంభమైన ‘గతిశక్తి సంచార్’ పోర్టల్, 2025 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన నూతన మార్గహక్కు నిబంధనలు ఆధారం.

చౌక ప్లాను నెలకు కొన్ని రూపాయలు ఆదా చేయగలదు. కానీ అర్ధరాత్రి ప్రసవ వేదన మొదలైన ఇంట, గాలివాన ముంచుకొచ్చిన ఊరిలో అక్కరకు వచ్చేది కలిసే కాల్ మాత్రమే. ఎంపికకు ముందు జరిపే పరీక్షకు పట్టేది రెండు మూడు రోజులు. దాని విలువ తెలిసేది ఆపద వేళ.