లేబుల్ మీద లేని 150 మెగాహెర్ట్జ్

పుచ్చకాయ కొనేటప్పుడు తట్టి చూస్తాం. కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తాం. బెండకాయ లేతదో ముదురుదో తెలియాలంటే కొన విరిచి చూస్తాం, కొట్టువాడు ఎంత విసుక్కున్నా సరే. అదే కంప్యూటర్ ప్రాసెసర్ దగ్గరికొచ్చేసరికి డబ్బా మీద ఏ వేగం రాసుంటే దానికి డబ్బులిచ్చి ఇంటికొచ్చేస్తాం. అలా నమ్మకుండా, ఏ దేశంలో తయారయింది, ఏ వారంలో తయారయింది అని డబ్బా తిరగేసి మరీ చూసి కొన్న బాపతు మనుషులు కొందరున్నారు. వాళ్ళే ఓవర్‌క్లాకర్లు. వాళ్ళు విడిభాగాలు ఎలా ఏరుకునేవాళ్ళో, ఆ ఏరుకోవడం కాలంతో పాటు ఎలా మారిందో రాద్దామని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. పైకి యంత్రాల కథలా కనిపిస్తుంది గానీ, లోపల ఉన్నది ధరల కథ.

ముందు కాస్త లెక్క. సాంకేతికం అంటే పడనివాళ్ళు ఈ ఒక్క పేరా ఓపిక పట్టండి :) ఆ రోజుల్లో మదర్‌బోర్డు మీద ఒక గడియారం సెకనుకి ఇన్ని కోట్ల సార్లని టిక్కుటిక్కుమంటూ ఉండేది. ప్రాసెసర్ ఆ టిక్కుని మల్టిప్లయర్ అనే గుణకంతో హెచ్చవేసుకుని తన వేగంగా మార్చుకునేది. బోర్డు 66 మెగాహెర్ట్జ్, గుణకం నాలుగున్నర అయితే వచ్చేది 300. వేగం పెంచాలంటే రెండే దారులు: గుణకాన్నైనా పెంచాలి, బోర్డు టిక్కునైనా పెంచాలి.

ఈ ఆశ ఇప్పటిది కాదు. 1984లో వచ్చిన ఐబీఎం ఏటీ వేగం 6 మెగాహెర్ట్జ్. ఆ వేగాన్ని నిర్ణయించేది బోర్డు మీదున్న 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్. కొందరు దాన్ని పీకేసి 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెట్టారు. అంతే, 6 కాస్తా 8 అయింది. ఐబీఎం ఊరుకుంటుందా? తరవాతి బయాస్‌లో వేగాన్ని కొలిచి, ఉండాల్సినదానికన్నా ఎక్కువుంటే మొరాయించేలా చేసింది. కొనుక్కున్నవాడు పెంచడం, అమ్మినవాడు తాళం వేయడం - ఈ ఆట అప్పుడే మొదలయింది.

అసలు 300 అని రాసున్న చిప్పు 450లో ఎలా నడుస్తుంది అని మీకు అనుమానం రావాలి. ఒకే సిలికాన్ పళ్ళెం మీద ఒకేసారి వందల చిప్పులు తయారవుతాయి. అన్నీ ఒకలా ఉండవు. ఒక్కొక్కదాన్నీ పరీక్షించి, మామిడికాయల్ని రకాలుగా ఏరినట్టు ఏరి, వేగాన్ని బట్టి లేబుల్ వేస్తారు. ఇంతవరకూ న్యాయమే. అయితే తయారీ బాగా కుదిరాక దాదాపు అన్నీ మొదటి రకమే వస్తుంటాయి. బజార్లో మాత్రం మొదటి రకం ధర పెట్టగలిగేవాళ్ళు కొద్దిమందే. అప్పుడేం చేస్తారు? మంచి కాయకే రెండో రకం చీటీ అంటించి అమ్ముతారు. ఓవర్‌క్లాకర్ వెతికేది ఆ కాయ కోసమే.

దీన్ని సొమ్ము చేసుకున్న మోసగాళ్ళూ ఉన్నారు. 1990లలో తక్కువ వేగం చిప్పుల మీది అక్షరాలు చెరిపి, ఎక్కువ వేగం అంకె వేసి అమ్మేసేవాళ్ళు. దాంతో ఇంటెల్ గుణకానికి తాళం వేసింది. దొంగల కోసం వేసిన తాళమే, తప్పు పట్టలేం. కానీ తన డబ్బుతో కొనుక్కుని తన ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నవాడికీ అదే తాళం పడింది. వాడికి మిగిలింది రెండో దారి: బోర్డు టిక్కు.

ఇక 1998. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఇంటెల్ సెలరాన్ అనే చవక ప్రాసెసర్ తెచ్చింది. అందులో రెండో స్థాయి క్యాష్ అసలే లేదు. నత్తనడక అని అందరూ వెక్కిరించారు. ఆగస్టు 24న దాన్ని సరిదిద్ది సెలరాన్ 300ఏ విడుదల చేశారు. ఇందులో 128 కిలోబైట్ల క్యాష్‌ని చిప్పులోనే పెట్టారు, అదీ చిప్పు పూర్తి వేగంతో నడిచేలా. సరిగ్గా అదే రోజున ఖరీదైన పెంటియం 2లో 450 మెగాహెర్ట్జ్ రకం కూడా వచ్చింది. దాని క్యాష్ 512 కిలోబైట్లు, కానీ అది విడి చిప్పుల్లో ఉండి సగం వేగంతోనే నడిచేది. వెయ్యి చొప్పున కొనేవాళ్ళకి ఇంటెల్ చెప్పిన ధరలు చూడండి: పెంటియం 2 669 డాలర్లు, సెలరాన్ 149 డాలర్లు.

సెలరాన్‌ది 66 బోర్డు, గుణకం నాలుగున్నర. అదే నాలుగున్నరని 100తో హెచ్చవేస్తే? 450! అప్పటికే ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ బోర్డులు 100లో నడుస్తున్నాయి. పెట్టెలు తెరిచినవాళ్ళకి చాలా చిప్పులు ఏ గొడవా లేకుండా 450లో నడిచి కనిపించాయి. చాలా పనుల్లో ఖరీదైన అన్నగారితో సమానంగా పరిగెత్తాయి.

కాకపోతే ప్రాసెసర్ ఒక్కటీ కొంటే సరిపోదు. విడిభాగాలు ఏరుకోవడంలో ఉన్న విద్యంతా ఇక్కడే ఉంది. బోర్డు టిక్కు పెంచితే దాని మీద ఆధారపడ్డవన్నీ కదులుతాయి. సౌండ్ కార్డూ, నెట్‌వర్క్ కార్డూ గుచ్చే పీసీఐ దారి 33లో నడవాలి. బోర్డు 66 అయితే రెండుతో, 100 అయితే మూడుతో భాగిస్తే 33 వస్తుంది. మధ్యలో 83 దగ్గర ఆగితే పీసీఐ 41 దాటిపోయి హార్డ్ డిస్కు దగ్గర్నుంచీ అన్నీ పేచీ పెట్టొచ్చు. అంటే వింతగా, 83 కన్నా 100 క్షేమం. ర్యామ్ 100కి తట్టుకునే పీసీ100 రకం అయ్యుండాలి. బోర్డేమో వోల్టేజీనీ, టిక్కునీ మార్చనిచ్చేదై ఉండాలి. అందుకే తైవాన్ కంపెనీ ఏబిట్ చేసిన బీహెచ్6 బోర్డుకి అంత పేరొచ్చింది. జంపర్లు పీకి గుచ్చే పని లేకుండా కీబోర్డుతోనే అన్నీ మార్చుకోవచ్చు. ఆ సదుపాయం లేని బోర్డుల్లో కొందరు ప్రాసెసర్ అంచున బీ21 అనే కాంటాక్టు మీద చిన్న టేపు ముక్క అంటించి, ఇది 100 రకమే అని బోర్డుని నమ్మించేవాళ్ళు. వేడి తగ్గించడానికి పెద్ద హీట్‌సింకు, ఇంకో ఫ్యాను. చివరికి రాత్రంతా ప్రైమ్95 నడపడం. పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యల్ని వెతకడానికి రాసిన ఆ ప్రోగ్రాము లెక్కలో ఒక్క తప్పు దొర్లినా పట్టేస్తుంది. పొద్దున్న లేచేసరికి తప్పు లేకపోతే పండగే.

మన దగ్గర సంగతేమిటి? 2000 ప్రాంతాల్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి అసెంబుల్ చేయించుకున్నవాళ్ళకి సెలరాన్ బాగా తెలిసిన పేరే. మా ఇంటికి 2001లో వచ్చిన మొదటి కంప్యూటరూ సెలరానే. కానీ దాని వేగం పెంచాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికైనా వచ్చుంటే నాన్న ఊరుకునేవారు కాదు. మే నెలలో గదే కొలిమి. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎంత వోల్టేజీతో తిరిగొస్తుందో తెలీదు. పైగా అది కాలిపోతే ఇంకోటి కొనే స్తోమత లేదు. ఓవర్‌క్లాకింగ్ డబ్బు లేనివాళ్ళ సరదా అన్నమాట నిజమే గానీ, ఒక చిప్పు పోయినా తట్టుకోగలిగేంత డబ్బు మాత్రం ఉండాలి.

2000లో ఏఎండీ వంతు. ఆ ఏడాది వచ్చిన డ్యూరాన్, థండర్‌బర్డ్ చిప్పుల పైన ఎల్1 అని చిన్న చిన్న వంతెనలుండేవి. తెగి ఉన్న ఆ వంతెనల్ని మామూలు పెన్సిల్‌తో గీసి కలిపితే గుణకం తాళం ఊడిపోయేది, పెన్సిల్ ముక్కులోని గ్రాఫైట్‌లో విద్యుత్తు ప్రవహిస్తుంది కాబట్టి. 2003లో అథ్లాన్ ఎక్స్‌పీ 2500 ప్లస్ ఇంకా తేలిక. అది 11 రెట్ల గుణకంతో 166 మీద నడిచేది. ఎన్‌ఫోర్స్2 బోర్డు మీద 200 చేస్తే 2200 మెగాహెర్ట్జ్, అంటే సరిగ్గా అతి ఖరీదైన 3200 ప్లస్ వేగం. 2007 మొదట్లో ఇంటెల్ కోర్ 2 డ్యువో ఈ4300 అదే బాట: 200 మీద 9 రెట్లు 1.8 గిగాహెర్ట్జ్, 333 మీద 3 గిగాహెర్ట్జ్. అంకెలు మారుతున్నాయి గానీ సూత్రం ఒక్కటే. తక్కువ బోర్డు టిక్కు, ఎక్కువ గుణకం ఉన్న చవక చిప్పుని పట్టుకో, మంచి బోర్డు మీద కూర్చోబెట్టు.

2011 జనవరిలో ఆ సూత్రం చెల్లకుండా పోయింది. ఇంటెల్ శాండీ బ్రిడ్జ్‌లో బోర్డు మీది గడియారాన్ని చిప్‌సెట్‌లోకి లాగేసి, అన్ని దారుల్నీ ఆ ఒక్క టిక్కుకే కట్టేశారు. దాన్ని నాలుగైదు శాతం పెంచితే మిగతావన్నీ తడబడతాయి. రెండో దారి కూడా మూసుకుపోయింది. మరి మొదటి దారి? దాని తాళంచెవిని అమ్మకానికి పెట్టారు. ఐ5-2500 ధర 205 డాలర్లు, గుణకానికి తాళం లేని ఐ5-2500కె 216 డాలర్లు. దానికి తగిన చిప్‌సెట్ బోర్డు కూడా కొనాలి. అమెరికాలో ఎంఎస్ చదువుతూ ఆ 11 డాలర్లు నేనూ కట్టాను. చిప్పు బ్రహ్మాండంగా నడిచింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ 149 డాలర్ల చిప్పుతో 669 డాలర్ల పని చేయించుకునే సరదా అక్కడ లేదు. ఖరీదైన చిప్పు కొని, దాన్ని ఇంకాస్త ఖరీదుగా వాడుకోవడం ఉంది.

ఇప్పుడు కథ ఇంకో మలుపు తిరిగింది. ఏఎండీ 2017లో తెచ్చిన రైజెన్ చిప్పులకి గుణకం తాళం లేదు. ఆహా అని తాళం తీసి చూస్తే బీరువా ఖాళీ! 2008లో ఇంటెల్ తెచ్చిన టర్బో పద్ధతి పెరిగి పెరిగి, ఇప్పుడు చిప్పే తన వేడీ, కరెంటూ చూసుకుని తన హద్దు దాకా తానే పరిగెడుతోంది. ఒకప్పుడు మనం టేపు ముక్కతో, పెన్సిల్‌తో బయటికి తీసిన వేగాన్ని ఫ్యాక్టరీయే ముందుగా లెక్కగట్టి ధరలో కలిపేసుకుంటోంది.

ఇందులో అన్యాయముందని నేననను. ఎవరి సరుకు ధర వాళ్ళిష్టం. కన్సల్టింగ్‌లో ఉన్నవాళ్ళకి ఇది కొత్త కూడా కాదు. అదే మనిషి, అదే పని, ఒక క్లయింటు దగ్గర గంటకి ఒక రేటు, ఇంకో క్లయింటు దగ్గర ఇంకో రేటు. లేబుల్ చెప్పేది లోపలున్న సత్తువని కాదు, ఎవరికి ఎంతకి అమ్మదలచుకున్నారో అది. సెలరాన్ 300ఏ కొన్న కుర్రాళ్ళు కనిపెట్టింది ఈ సంగతే. వాళ్ళు అమ్మినవాడిని తిట్టలేదు, లేబుల్‌ని నమ్మలేదు. 66ని 100 చేసి, రాత్రంతా లెక్కలు చేయించి, నిజమేదో తామే తేల్చుకున్నారు.