చీటీ నుంచి తెర దాకా: చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతంలో ప్రయోగశాల ఫలితం – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

హైదరాబాదు నుంచి బీజాపూర్ వెళ్లే మర్రిచెట్ల దారిలో వచ్చే మొయినాబాద్, చేవెళ్ల మండలాలు వైద్యచరిత్ర అధ్యయనానికి తగిన క్షేత్రం. ఇక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలున్నాయి, చేవెళ్లలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. మొయినాబాద్ మండలంలో భాస్కర్ వైద్య కళాశాల, చేవెళ్లలో డాక్టర్ పట్నం మహేందర్ రెడ్డి వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నాయి. నగరంలోని పెద్దాసుపత్రులూ దూరం కావు. కనుక ఒకే రోగి రక్తపరీక్షల ఫలితాలు మూడు నాలుగు చోట్ల చెదిరి ఉండే అవకాశం ఈ ప్రాంతంలో ఎక్కువ.

ఎలక్ట్రానిక్ వైద్య రికార్డు అనగానే వేగం గురించిన చర్చే ముందుకు వస్తుంది. ఫలితం ఎంత త్వరగా వచ్చిందన్న దానికంటే అది ఎవరి చేతికి వచ్చింది, ఆ చేతికి చికిత్సను మార్చే అధికారం ఉందా అన్నదే చరిత్రకారునికి ముఖ్యమైన ప్రశ్న అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

గాజుపలక కాలం

ఈ కథకు పూర్వరంగం కంప్యూటరు కాదు, మలేరియా గాజుపలక. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించింది సికింద్రాబాదు ప్రాంతంలోనే. 1958లో మొదలైన జాతీయ మలేరియా నిర్మూలన కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి, జ్వరపడినవారి వేలి నుంచి రక్తపు చుక్క తీసి గాజుపలకపై పూసేవాడు. ఆ పలక సూక్ష్మదర్శిని ఉన్న చోటికి చేరాలి, ఫలితం తిరిగి ఊరికి రావాలి. అంతవరకు రోగి ఆగలేడు. అందుకే పలక తీసిన రోజునే క్లోరోక్విన్‌తో ‘అనుమాన చికిత్స’ ఇచ్చేవారు. పరాన్నజీవి ఉన్నట్లు తేలినవారికి తరువాత ప్రైమాక్విన్‌తో కూడిన పూర్తి చికిత్స అందించేవారు.

ఆలస్యాన్ని లోపంగా దాచకుండా చికిత్సాక్రమంలోనే ఒక దశగా అంగీకరించిన పద్ధతి ఇది. పలక మీది సంఖ్య, రిజిస్టరులోని వరుస, తిరిగి వెళ్లవలసిన ఇంటి గుర్తు ఒకదానికొకటి ముడిపడి ఉండేవి. పాజిటివ్ అని తేలితే ఎవరు ఎవరి గుమ్మం తొక్కాలో నిర్దేశించి ఉండేది. నేటి అనేక తెరల కంటే ఆ రిజిస్టరు ఈ ఒక్క విషయంలో స్పష్టమైనదని నా అభిప్రాయం.

దాదాపు ఆ కాలంలోనే అమెరికాలో సమస్య మరో రూపంలో ఎదురయింది. 1957 నుంచి స్వయంచాలిత విశ్లేషణ యంత్రాలు మార్కెట్లోకి వచ్చి ఫలితాల సంఖ్యను అమాంతం పెంచాయి. 1968లో లారెన్స్ వీడ్ రోగి సమస్యల చుట్టూ రికార్డును కూర్చే పద్ధతిని ప్రతిపాదించాడు. 1972లో జార్జ్ లండ్‌బర్గ్ ప్రాణాపాయాన్ని సూచించే ఫలితాలను ప్రయోగశాలే వెంటనే వైద్యునికి తెలియజేయాలన్నాడు. 1976లో క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ ప్రచురించిన ఇండియానాపోలిస్ అధ్యయనంలో, కంప్యూటరు గుర్తుచేసినప్పుడు వైద్యులు 51 శాతం సందర్భాల్లో స్పందించగా, గుర్తుచేయనప్పుడు 22 శాతం సందర్భాల్లోనే స్పందించారు. లోపం వైద్యుని అజ్ఞానంలో లేదు, మనిషి మోయగలిగిన సమాచార భారానికి ఉన్న పరిమితిలో ఉందని ఆయన నిర్ధారణ.

ఆమోదం కోసం ఫలితం

2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర చేవెళ్ల నుంచే మొదలైంది. రాజకీయ చరిత్రలో ఆ ఊరికి దక్కిన స్థానం అందరికీ తెలిసినదే. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైంది, 2008 నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. వైద్య రికార్డుల చరిత్రలో ఈ పథకానికి దక్కవలసిన స్థానం ఇంకా దక్కలేదు.

నెట్‌వర్క్ ఆసుపత్రి రోగి పరీక్షా ఫలితాలను, చిత్రాలను పోర్టల్‌లోకి ఎక్కించేది. రోగిని ఎన్నడూ చూడని వైద్యుడు మరెక్కడో కూర్చొని వాటిని చదివి శస్త్రచికిత్సకు ముందస్తు అనుమతి ఇచ్చేవాడు. పేదల పరీక్షా ఫలితాలు ఇంత పెద్ద ఎత్తున కంప్యూటరు తెర మీదికి రావడం ఈ పథకంతోనే సాధ్యమైంది. అయితే ఆ ఫలితం అక్కడ చేసిన పని రోగిని అర్థం చేసుకోవడం కాదు, ఖర్చును సమర్థించడం. వేలాది కుటుంబాలను అప్పుల నుంచి కాపాడిన పథకాన్ని తక్కువ చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. సాక్ష్యంగా సేకరించిన ఫలితం వేరు, చికిత్సలో భాగంగా దాచుకున్న ఫలితం వేరు. శస్త్రచికిత్స ముగిసి రోగి పల్లెకు చేరాక, పోర్టల్‌లోని ఆ సంఖ్యలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుని ముందు పరుచుకునే ఏర్పాటు ఆ పథకం ప్రధానలక్ష్యాల్లో లేదు.

తిరిగి వచ్చిన ఫలితం

2018లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదు నారాయణగూడలో తెలంగాణ డయాగ్నస్టిక్స్‌ను ప్రారంభించింది. 2021లో జిల్లా కేంద్రాలకు విస్తరించింది. నమూనా ప్రాథమిక కేంద్రం నుంచి బయలుదేరుతుంది, పరీక్ష కేంద్ర ప్రయోగశాలలో జరుగుతుంది, ఫలితం ఆన్‌లైన్‌లో వైద్యునికీ, ఫోన్‌లో రోగికీ చేరుతుంది. 57గా ఉన్న ఉచిత పరీక్షలు 2023లో 134 అయ్యాయి. గాజుపలక నడిచిన దారే ఇది. తేడా తిరుగు ప్రయాణంలో ఉంది.

ఆ ఫలితాన్ని వైద్యుడు చదివే తీరును ఒక ఉదాహరణతో చూద్దాం. మోకాళ్ల నొప్పులకు మాత్రలు వాడుతున్న వృద్ధురాలి క్రియాటినిన్ 1.3 వచ్చిందనుకుందాం. విడిగా చూస్తే అది హద్దుకు కాస్త పైన ఉన్న అంకె, రద్దీ ఓపీలో దాటిపోయే అంకె. ఆరు నెలల కిందట అదే 0.7 ఉండి ఉంటే, మూత్రపిండాలు దెబ్బతింటున్నాయన్న అనుమానం కలగాలి, నొప్పి మాత్రలు ఆపాలి. రికార్డు ప్రయోజనం ఆ పాత 0.7ను కొత్త 1.3 పక్కన నిలపడంలోనే ఉంది. పాత ఫలితం కళాశాల ఆసుపత్రి సర్వరులోనో, నగరంలోని ప్రైవేటు ల్యాబు కాగితంపైనో, ఎవరి ఫోన్‌లోనో బొమ్మగానో ఉంటే వేగం ఎంతున్నా ఆ పోలిక కుదరదు. 2013లో వెలువడి 2016లో సవరించబడిన భారత ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలు పరీక్షలకు లోయింక్ సంకేతాలను సూచించింది ఇందుకే. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 14 అంకెల ఆభా సంఖ్య ద్వారా, రోగి సమ్మతితో, చెదిరిన రికార్డులను కలపాలని చూస్తున్నది. కానీ స్కాన్ చేసి ఎక్కించిన కాగితాన్ని ఆభా సంఖ్య వైద్యుని దాకా చేర్చగలదే గాని, అందులోని అంకెను వరుసలో పేర్చలేదు.

పరిశోధకులకు ఇక్కడ ఒక కొత్త ఆకరం ఏర్పడుతున్నది. పాత రిజిస్టరు ఫలితం ఎప్పుడు వచ్చిందో చెప్పేది గాని, ఎవరు చదివారో చెప్పేది కాదు. ప్రమాణాల మేరకు నిర్మించిన ఎలక్ట్రానిక్ రికార్డు, తనను ఎవరు ఏ గంటకు తెరిచారో నమోదు చేసుకుంటుంది. రోగి వివరాలు తొలగించి ఆ నమోదులను పరిశీలనకు ఇస్తే, ఫలితం వెలువడిన ఘడియకూ చికిత్స మారిన ఘడియకూ మధ్య దూరాన్ని గ్రామాల వారీగా కొలవవచ్చు. అయితే అది కూడా తెరిచిన సంగతినే చెబుతుంది. ఊరిలోని తల్లి ఫలితం నగరంలో పనిచేసే కొడుకు ఫోన్‌కు చేరి, అతడు ఆదివారం ఇంటికి వచ్చేదాకా తెరుచుకోకపోతే, ఆ నాలుగు రోజులు ఏ సర్వరులోనూ నమోదు కావు. వాటికి ఇప్పటికీ ఇంటింటికీ వెళ్లి అడగడమే మార్గం.