నురుగు పిచికారి పూర్వకథ

ఇటీవల పట్టణములలో ఆదివారము ఉదయమున ఒక కొత్త దృశ్యము కనిపిస్తున్నది. ఇంటిముందు కారు నిలిపి, యజమాని రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా ఒకటి చేత పట్టుకొని, దాని తలమీది పిడిని ముప్పై నలభై సార్లు పైకి కిందికి ఆడించి, మీట నొక్కుతాడు. ముక్కులోనుండి నీళ్ళు రావు. గడ్డము గీసుకొనే సబ్బువంటి తెల్లని చిక్కని నురుగు వచ్చి కారు పక్కలకు అతుక్కొంటుంది. విద్యుత్తు అవసరము లేదు, కుళాయి గొట్టము అవసరము లేదు. చూసే పిల్లలకు వేడుక. పెద్దలకు, నురుగు ఎంత దట్టముగా వస్తే కారు అంత శుభ్రపడినదన్న తృప్తి. పిల్లల వేడుకలో తప్పేమీ లేదు. పెద్దల తృప్తిని మాత్రము కొంచెము పరీక్షించవలసి ఉన్నది. ఆ చిన్న సీసాలో రెండు వేరువేరు చరిత్రలు వచ్చి కలిసినవి. ఒకటి గాలిది, రెండవది నురుగుది. గాలి చరిత్ర రెండువేల ఏండ్లకు పైబడినది. నురుగు చరిత్రలో మానవుడు ఒకసారి గట్టిగా పొరబడినాడు.

గాలి సంగతి ముందు చూద్దాము. క్రీ. పూ. మూడవ శతాబ్దములో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరమున టెసిబియస్ అనే ఆయన ఉండేవాడు. ఆయన తండ్రి క్షురకుడు. తండ్రి అంగడిలో అద్దమును సులభముగా పైకి కిందికి జరుపుటకు కుమారుడు ఒక ఉపాయము పన్నినాడట. అద్దపు తాడు రెండవ కొసకు సీసపు గుండు కట్టి, దానిని ఒక ఇరుకు గొట్టములో దిగేటట్లు చేసినాడు. గుండు వేగముగా దిగినప్పుడెల్లా గొట్టములోని గాలి నలిగి, బయటకు చీలుకొని వచ్చి శబ్దము చేసేది. గాలి కూడా ఒక వస్తువే, దానిని నొక్కవచ్చును, నొక్కితే అది తిరగబడుతుంది అని టెసిబియస్‌కు ఆ అంగడిలోనే తోచినదని రోమన్ శిల్పశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ వ్రాసినాడు. తరువాత ఆయన కంచుతో స్తూపములు, ముషలకములు, కవాటములు అమర్చి నీటిని ఎత్తున చిమ్మే పంపు తయారుచేసినాడు.

మన సీసాకు నిజమైన తాత మాత్రము క్రీ. శ. మొదటి శతాబ్దములో, అదే నగరములో పుట్టినాడు. హీరో అనే శాస్త్రజ్ఞుడు గాలితోను నీటితోను నడిచే యంత్రములను గురించి వ్రాసిన ‘న్యూమాటికా’ అనే గ్రంథములో ఒక బోలు గోళమును వర్ణించినాడు. అందులో సగము నీరు. పైనుండి ఒక గొట్టము దాదాపు అడుగువరకు దిగి ఉంటుంది. చిన్న పిచికారితో గోళములోనికి గాలి కొట్టి, బిరడా మూసి, తరువాత తిప్పి తెరిస్తే, నలిగిన గాలి నీటిని గొట్టములోనుండి పైకి చిమ్ముతుంది. ఈనాటి సీసాను కోసి చూస్తే ఉండేవి ఇవే: పైన గాలి, కింద ద్రవము, అడుగువరకు దిగిన గొట్టము, గాలి కొట్టే పంపు, తెరిచి మూసే మీట. కంచు పోయి ప్లాస్టిక్ వచ్చినది, అంతే.

హీరోకు ఈ యంత్రము పనిచేస్తుందని తెలుసు గాని, ఎంత గాలి నొక్కితే ఎంత బలము వస్తుందో లెక్క తెలియదు. ఆ లెక్కకు పదహారు వందల ఏండ్లు పట్టినవి. ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ 1660లో గాలికి గల స్ప్రింగు గుణమును గురించి గ్రంథము ప్రకటించి, గాలిని కుప్పగా పోసిన ఉన్నితో పోల్చినాడు. నొక్కితే అణగి, వదిలితే లేచేది అని ఆయన భావము. ఒక కొస మూసిన వంపు గాజుగొట్టములో పాదరసము పోసి, గాలి ఆక్రమించే చోటు సగమైనప్పుడు పీడనము రెట్టింపగునని 1662లో చూపినాడు. ఉన్నత పాఠశాల విద్యార్థులందరు వల్లించే బాయిల్ నియమము ఇదే. దీనిని పిచికారి సీసాకు అన్వయించి చూస్తే ఒక చిన్న చిక్కు విడిపోతుంది.

సీసా పట్టేది 2 లీటర్లు అనుకొందాము. అందులో 1.4 లీటర్ల సబ్బునీరు పోస్తే గాలికి మిగిలేది 0.6 లీటరు. పీడనము 3 వాతావరణములు కావలెనంటే బయటి గాలి మరి 1.2 లీటర్లు లోపలికి కొట్టవలెను. పంపు ఒక్కొక్క దెబ్బకు 40 మిల్లీలీటర్లు తోస్తే 30 దెబ్బలు చాలును. ఇప్పుడు 0.6 లీటరు ద్రవము చల్లినామనుకోండి. గాలికి చోటు 1.2 లీటర్లయి, పీడనము 1.5 వాతావరణములకు పడిపోతుంది. ద్రవమును బయటకు తోసేది బయటి పీడనముకంటె ఎక్కువగా ఉన్న భాగమే గదా. అది 2 నుండి 0.5కు, అనగా నాలుగవ వంతుకు దిగినది. నురుగు పలచబడి కారిపోతుంది. అదే సీసాలో 1 లీటరు మాత్రమే పోసినవాడు 50 దెబ్బలు కొట్టవలెను; కాని 0.6 లీటరు చల్లిన తరువాత కూడా వానికి దాదాపు 0.9 వాతావరణపు అదనపు పీడనము మిగిలి ఉంటుంది. సీసాను నిండుగా నింపినవాడు చేతికి శ్రమ తగ్గించుకొన్నానని సంతోషిస్తాడు గాని, నురుగు దగ్గర నష్టపోతాడు. (నురుగు చేయుటకు కొంత గాలి కూడా ఖర్చగును. ఆ లెక్క ఇక్కడ వదిలినాము.)

ఈ పరికరము కారు దగ్గరకు రాకముందు పొలములోను, పల్లెలలోను చాలాకాలము పనిచేసినది. 1882 అక్టోబరులో ఫ్రాన్సు దేశపు బోర్డో ప్రాంతములో వృక్షశాస్త్రాచార్యుడు మిలార్డే ఒక ద్రాక్షతోట పక్కగా పోతూ, బాట అంచున ఉన్న తీగెలు మాత్రమే బూజు తెగులు లేకుండా పచ్చగా ఉండుట గమనించినాడు. విచారించగా, దారినపోయేవారు పండ్లు కోయకుండా వారిని భయపెట్టుటకు ఆ తీగెలపై మైలుతుత్తము, సున్నము కలిపి చల్లినట్లు తెలిసినది. 1885లో ఆయన ఆ మందును లోకమునకు తెలిపినాడు. దానినే బోర్డో మిశ్రమము అంటారు. చీపురుకట్టలతో చిలకరించి ఎన్ని ఎకరాలు తడపగలరు? విక్టర్ వెర్మొరెల్ వంటివారి కర్మాగారములలో వీపుకు తగిలించుకొనే రాగి పిచికారులు తయారయినవి. మన రైతులు మందు కొట్టే పంపు వాటి సంతతిదే. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ఆరంభమైన తరువాత ఇంటింటికి వచ్చి గోడలకు డి. డి. టి. కొట్టినవారి చేతిలో, కాలితో అదిమిపట్టి కొట్టే పంపు ఉండేది. అది కూడా ఈ బంధువర్గములోనిదే. ఇక్కడ ఒక మాట: పురుగుమందు పోసిన పంపును ఎంత కడిగినా ఇంటిపనికి వాడరాదు.

నురుగును కావలెనని తయారుచేసి పనికి పెట్టినవాడు ఒక బడిపంతులు. కాస్పియన్ సముద్రతీరమున బాకూ నగరము చమురుబావులకు ప్రసిద్ధి. అక్కడి పాఠశాలలో అలెగ్జాండర్ లోరాన్ రసాయనశాస్త్రము బోధించేవాడు. చమురు అంటుకొంటే నీళ్ళు పోసి లాభము లేదు. నీరు బరువు గనుక అడుగునకు పోతుంది, చమురు పైన తేలి మండుతూనే ఉంటుంది. నీటిని తేలేటట్లు చేయలేమా అని లోరాన్ ఆలోచించినాడు. వంటసోడా ద్రావణమును, పటికకు దగ్గరి చుట్టమైన అల్యూమినియమ్ సల్ఫేటు ద్రావణమును కలిపితే బొగ్గుపులుసు వాయువు పుట్టి నురుగు లేస్తుంది. ఆ నురుగు మంటపై దుప్పటివలె పరుచుకొని గాలి తగలనీయదు. ఆయన దీనికి 1904లో పేటెంటు పొందినాడు. తరువాత ఇట్టి ద్రావణములలో నురుగు నిలుచుటకు అతిమధురపు వేరు సారము కలుపుతూ వచ్చినారు. మన కుంకుడుకాయలో నురుగు నిచ్చే సపోనిన్ జాతి పదార్థములే అందులోను ఉన్నవి. 1930 తరువాత రసాయనముల పోరు లేకుండా, ద్రవములోనికి మామూలు గాలినే చొప్పించి నురుగు చేసే పద్ధతి వచ్చినది. కారు పిచికారిలో జరిగేది ఇదే. సీసాలోని నలిగిన గాలిలో కొంత సన్నని రంధ్రము గుండా ద్రవముతో కలిసి, ముక్కులో ఉన్న జల్లెడవంటి ముక్కను గాని నమదా ముక్కను గాని దాటేటప్పుడు చిన్నచిన్న బుడగలుగా చీలిపోతుంది.

ఈ నురుగు కారుకు చేసే మేలేమిటి? కారు రంగుమీది పారదర్శకపు పూత మందము సుమారు 40, 50 మైక్రోమీటర్లు. రోడ్డు దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటవి. వాటి కాఠిన్యము మోస్ మానముపై 7; చాకు ఉక్కునే గీయగలవు. ఎండిన దుమ్మును గుడ్డతో తుడిచేవాడు గరుకు కాగితముతో రుద్దుతున్నట్లే. నీళ్ళు చల్లితే నిలువు తలుపుమీద నిలువక జారిపోతవి. నురుగయితే కొన్ని నిమిషములు పట్టుకొని ఉండి దుమ్మును నాననిస్తుంది. ఎందుకు పట్టుకొంటుందో తెలిపినవారిలో ముఖ్యుడు బెల్జియమ్ దేశీయుడు జోసెఫ్ ప్లేటో. ఆయన కన్నులు పోయిన తరువాత కూడా, ఇతరులు చూసి చెప్పగా సబ్బుపొరలపై ప్రయోగములు సాగించి 1873లో గ్రంథము వెలువరించినాడు. నురుగులో మూడేసి పొరలు 120 డిగ్రీల కోణములతో ఒక అంచు వద్ద కలుస్తవి. ద్రవములో ఎక్కువ భాగము ఆ సన్నని అంచులలోనే చిక్కుకొని, వాటి వెంటనే మెల్లగా కిందికి దిగుతుంది. దిగిపోయిన తరువాత మిగిలేది ఎండు పొర మాత్రమే. ఎండలో పెట్టి నురుగు వేసినవారికి మచ్చలు మిగులుట ఇందుచేతనే.

కాబట్టి నురుగు ఇచ్చేది వ్యవధి. మురికిని విడదీసేది బుడగ కాదు, బుడగ గోడలోని ద్రవములో ఉన్న క్షాళకపు అణువు. దానికి ఒక కొస నీటిని, రెండవ కొస జిడ్డును కోరుతుంది. అయితే నురుగే శుభ్రతకు గుర్తు అన్న నమ్మకము ఎక్కడినుండి వచ్చినది? సబ్బు కాలములో దానికి ఆధారము లేకపోలేదు. రెండు సీసాలలో వాననీరు ఒకదానిలో, చప్పబడని బోరునీరు ఒకదానిలో పోసి, సమానముగా సబ్బు వేసి కుదిపి చూడండి. బోరునీటిలోని కాల్షియమ్ సబ్బును తెల్లని తరకగా మార్చివేయుటవలన నురుగు రాదు. జిడ్డు కూడా అట్లే సబ్బును తినివేస్తుంది. ఆ తినుబడి తీరిన తరువాత నురుగు నిలిస్తే, పనికి సరిపోను సబ్బు మిగిలినదని అర్థము. మన అమ్మమ్మలు చూసుకొన్న గుర్తు సరియైనదే. కాని పెట్రోలియమునుండి చేసిన కృత్రిమ క్షాళకములు కఠిన జలములోను నురుగునిస్తవి. నురుగుకు, కడిగే శక్తికి ఉన్న లంకె అక్కడ తెగినది. నమ్మకము మాత్రము తెగలేదు.

దాని ఫలితము రెండవ ప్రపంచయుద్ధానంతరము నదులలో తేలినది. అప్పటి క్షాళకములలో జిడ్డును పట్టే కొస కొమ్మలు కొమ్మలుగా చీలి ఉండేది. సూక్ష్మజీవులు తిన్నని కర్బనపు గొలుసును రెండేసి పరమాణువుల చొప్పున కొరుకుతూ పోగలవు గాని, కొమ్మ వచ్చినచోట ఆగిపోతవి. అందుచేత ఇంట్లో పుట్టిన నురుగు మురుగుశుద్ధి కేంద్రమును దాటి చావకుండా బయటపడినది. 1950 దశాబ్దములో ఇంగ్లండు, జర్మనీ, అమెరికా దేశములలో నదులపై నురుగు గుట్టలుగా లేచినది. పశ్చిమ జర్మనీ 1961లో చట్టము చేసి, క్షాళకములో కనీసము 80 శాతము జీవక్రియవలన విచ్ఛిన్నము కావలెనని నియమించగా, అది 1964లో అమలులోనికి వచ్చినది. 1965లో అమెరికా పరిశ్రమవారు కూడా కొమ్మలు లేని తిన్నని గొలుసుకు మారినారు. గమనించవలసినదేమంటే, వారు నురుగును తగ్గించలేదు. పని ముగిసిన తరువాత అది చచ్చేటట్లు చేసినారు.

కాని తిన్నని గొలుసును కొరుకుటకు కూడా సూక్ష్మజీవులకు ప్రాణవాయువు కావలెను. మురుగు నిండి ఊపిరాడని చెరువులో అవి ఆ పని చేయలేవు. బెంగుళూరులోని బెళ్ళందూరు చెరువు నురుగు 2015లో గాలికి లేచి రోడ్లపై పడినది. ఆ ఏడు మే నెలలో నురుగుపై మంటలు కూడా లేచినవి. దానికి ఇండ్లనుండి వచ్చిన శుద్ధిచేయని మురుగే ప్రధాన కారణము గాని కార్లు కావు. అయినా ఇంటిముందు కారు కడిగిన నీరు చాలాచోట్ల వానకాలువలో పడి, శుద్ధి కేంద్రమును చూడకుండానే చెరువు చేరుతుంది. 2024 మార్చిలో నీటి కరవు వచ్చినప్పుడు అదే నగరములో త్రాగునీటితో వాహనములు కడుగుటను నిషేధించి, 5000 రూపాయల జరిమానా పెట్టినారు. పిచికారికి పట్టేది ఒకటి రెండు లీటర్లే. ఆ నురుగును కడిగివేయుటకు పట్టే నీరే ఎక్కువ. మందు ఇంకొక మూత పోసి నురుగు చిక్కన చేసినకొద్దీ ఆ కడుగునీరు పెరుగుతుంది.