తీగ లేని విద్యుత్ వాహన చార్జింగ్: ఉష్ణ నష్టం
తీగ లేని చార్జింగ్‌లో బ్యాటరీకి చేరకుండా వేడిగా మారే విద్యుత్ శక్తిని ఉష్ణ నష్టం అంటారు. నేలలోని చుట్ట నుంచి వాహనం అడుగునున్న చుట్టకు శక్తిని చేరవేసేది 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ. 2020 నాటి ఎస్‌ఏఈ జె2954 ప్రమాణం ఇందుకు 85 కిలోహెర్ట్జ్‌ల పౌనఃపున్యాన్ని ఎంచుకుంది. రాగి నిరోధం, ఫెరైట్ పలకల్లో హిస్టెరిసిస్, అల్యూమినియం కవచంలో సుడి ప్రవాహాలు, ఇన్వర్టర్ స్విచ్చింగ్ ఈ నష్టానికి ప్రధాన కారణాలు. చుట్టలు ఎదురెదురుగా కుదరకపోతే నష్టం పెరుగుతుంది. 10 కిలోవాట్లు తీసుకునే వ్యవస్థ దక్షత 90 శాతమైతే 1 కిలోవాట్ వేడిగా పోతుంది.

ఈ నష్టంపై బయటి వేడి ప్రభావమూ ఉంటుంది. ఉదాహరణకు, గుంటూరు జిల్లా పెదకాకాని ప్రాంతంలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అంత వేడిగాలిలో అదే నష్టానికి చుట్ట మరింత కాగుతుంది. డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున పెరిగే రాగి నిరోధం నష్టాన్ని ఇంకా పెంచుతుంది. సన్నని పోగులను విడివిడిగా పూతపూసి పేనిన లిట్జ్ తీగ రాగిలోని నష్టాన్ని కొంత అదుపు చేస్తుంది.