డేటాలో లేని కొండ

జవహర్‌నగర్ చెత్తకొండ హైదరాబాదులో ఎక్కడెక్కడి నుంచి కనబడుతుందో లెక్కకడదామని ఒక శనివారం కూర్చున్నాను. నాలాంటి సాఫ్ట్‌వేర్‌వాడికి అది చిన్న పనే. నేల ఎత్తుల డేటా తెచ్చుకుని, కొండ కొన మీద ఒక బిందువు పెట్టి, అక్కణ్ణించి ప్రతి గడికీ ఒక గీత గీసి, మధ్యలో ఏదన్నా అడ్డొస్తుందా అని చూడటం. ప్రోగ్రాం నడిచింది, మ్యాప్ కూడా వచ్చింది. కొండే లేదు! నేను వాడింది ఎస్ఆర్‌టీఎం డేటా. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ నౌక భూమి చుట్టూ తిరుగుతూ రాడార్‌తో కొలిచిన ఎత్తులు. అక్కడ చెత్త కొండగా పేరుకున్నది ఆ తర్వాతే. చివరికి దాన్ని నేనే చేత్తో కలిపాను.

చెత్త గుట్టను పెంచేముందు కంటికి జరిగే నష్టాన్ని అంచనా వేసేవాళ్ళు చేసేదీ దాదాపు ఇదే. ఇప్పటి దృశ్యం ఒకటి, పెంచాక ఉండబోయే దృశ్యం ఒకటి, రెండిటికీ తేడా. కానీ ఈ విద్య పుట్టింది చెత్త కోసం కాదు, అడవుల కోసం. అమెరికా అటవీశాఖ కోసం అమిడన్, ఎల్స్‌నర్ అనే ఇద్దరు 1968లోనే, ఒక చోటు నుంచి ఏ నేల కనబడుతుందో కంప్యూటర్‌తో గుర్తించే పద్ధతి రాశారు. కొండలకు కొండలు బోడిగా నరికేస్తుంటే జనం గొడవపెడుతున్న కాలం అది. 1970 జనవరి 1న సంతకమైన పర్యావరణ చట్టం, ఆరోగ్యంతో పాటు కంటికి ఇంపైన పరిసరాలు కూడా జనానికి దక్కాలంది. ఇంపు అనే మాట చట్టంలోకి వచ్చాక దాన్ని కొలవక తప్పదు కదా. 1974లో అటవీశాఖ ఒక కొలమానం తయారుచేసింది. దగ్గర, మధ్య, దూరం అని మూడు పొరలు. దాంతోపాటు, చూసేవాళ్ళకు ఎంత పట్టింపు ఉందన్న లెక్క.

నేను ఆగిపోయింది ఈ రెండో లెక్క దగ్గర. ఒక ప్రధాన దారిలో వెళ్ళే సందర్శకుల్లో కనీసం నాలుగో వంతు మందికి ప్రకృతి అందం మీద గట్టి పట్టింపు ఉంటే, ఆ దారి మొదటి తరగతిలోకి వచ్చేది. రోజూ ఆ దారినే పనికెళ్ళేవాళ్ళు, దుంగల లారీలు నడిపేవాళ్ళు, అడవిలోనే కూలి చేసేవాళ్ళు మాత్రం పట్టింపు తక్కువవాళ్ళ కింద జమ. బ్రిటన్‌లో 1995 నుంచి ఇదే పనికి మార్గదర్శకాలున్నాయి. 2013 నాటి మూడో కూర్పులోనూ ఈ ఆలోచన పోలేదు. ఇళ్ళలో ఉండేవాళ్ళకూ, విహారానికి వచ్చేవాళ్ళకూ పెద్దపీట వేశారు, కాదనను. కానీ పనిలో ఉన్నవాడి దృష్టి పని మీద ఉంటుంది కాబట్టి దృశ్యం మారితే అతనికి తగిలే దెబ్బ తక్కువట. ఆఫీసులో కిటికీకి వీపుపెట్టి కూర్చునే నావరకూ అది నిజమే. మరి చెత్తగుట్ట మీదే ప్లాస్టిక్ ఏరుకునే మనిషి సంగతి? ఆమెకు ఆ గుట్టే పని, ఆ గుట్టే దృశ్యం. పట్టికలో మాత్రం ఆమె అట్టడుగు గడిలో పడుతుంది.

మన దగ్గర ఆ పట్టిక వరకు కూడా రాలేదు. 2006 పర్యావరణ నోటిఫికేషన్‌లో, మీ కట్టడం ఎవరి చూపుకైనా అడ్డొస్తుందా అని నేరుగా అడిగేది ఫారం 1-ఏ. ఆ ఫారం భవన నిర్మాణాలకే. ఊరి చెత్త కేంద్రాలు వేరే వరసలో ఉన్నాయి, వాటికి అది వర్తించదు. అంటే అపార్ట్‌మెంటు కట్టేవాణ్ణి అడిగే ప్రశ్న చెత్తకొండను అడగం.

ఢిల్లీలోని ఘాజీపూర్ 1984లో మొదలై 2002కే నిండిపోయింది. అయినా పోస్తూనే ఉన్నారు. 2017 సెప్టెంబర్ 1న ఒక పక్క విరిగిపడి ఇద్దరు చనిపోయారు. 2019కి 65 మీటర్లు దాటిందని పత్రికలు రాశాయి. కిలోమీటరు దూరం నుంచి చూస్తే 20 మీటర్ల గుట్ట ఆకాశంలో రెండు చందమామల ఎత్తు ఆక్రమిస్తుంది. 65 మీటర్లదైతే ఏడు. ఈ విస్తరణను ఎవరూ విస్తరణ అనలేదు, ఎందుకంటే నేల మీద ప్రహరీ పెద్దగా జరగలేదు, పెరిగిందంతా పైకే. పత్రికలవాళ్ళు దాన్ని కుతుబ్ మినార్‌తో, తాజ్ మహల్‌తో పోల్చి కొలిచారు. మనకు ఎత్తు తెలియాలంటే పక్కన ఒక పర్యాటక స్థలం ఉండాలి కాబోలు.

జవహర్‌నగర్‌లో పాత చెత్త కోటి టన్నుల పైమాటే. దానిమీద పొరలు పరిచి, మట్టి కప్పి, గడ్డి పెంచారు. దూరం నుంచి పచ్చటి గుట్టలా ఉంటుంది. ఈ శాస్త్రం మొదట సూచించే మందు కూడా అదే, చుట్టుపక్కల రంగులో కలిపేయమని. కింద మల్కారం చెరువులోకి దిగిన నల్లటి నీళ్ళకు ఆ మందు పనిచేయదు, అది వేరే నిపుణుల అధ్యాయం.

నా మ్యాప్‌లో కొండ కనబడే గళ్ళన్నీ ఎర్రగా వచ్చాయి. పాదం దగ్గరి బస్తీలు అన్నిటికంటే ఎరుపు. కానీ గడి వెడల్పు 30 మీటర్లు, సందు వెడల్పు మూడు. సందును విడిగా కాగితం మీద లెక్కేశాను. ఎదురుగా రెండంతస్తుల గోడ ఉంటే, గుమ్మంలో నిలబడ్డ మనిషికి 56 డిగ్రీల కింద ఉన్నదేదీ కనబడదు. వంద మీటర్ల దూరంలో 60 మీటర్ల కొండ లేచేది 31 డిగ్రీలే. అంటే పద్ధతి ప్రకారం ఆ ఇంటికి దృశ్య ప్రభావం సున్నా. ఆ గడిని ఎరుపులోంచి తెలుపులోకి మార్చాలి. ఆ ఒక్క లైను రాశాను కానీ, రన్ చేయలేదు.